లాక్‌డౌన్ల పెద్దాపరేషన్ ఎందుకు చేసిన్రో కాయితం మీద లేదు, ఇప్పుడు రెండో కాన్పు

డిండి టైలరమ్మ:

అందరికి నమస్తే. మాది డిండి దగ్గర ఊరు, నల్లగొండ జిల్లా. నాకు ఇప్పుడు ఏడో నెల నడుస్తున్నది, రెండో కాన్పు. పోయిన వారం చెకప్‌కు పోతే డాక్టరమ్మ పాత కాయితం చేతుల పట్టుకొని "మొదటిది ఆపరేషన్ ఎందుకు చేసిన్రమ్మా?" అని అడిగింది. నేను మా ఆయన మొఖం చూసిన. ఆయన నా మొఖం చూసిండు.

డిశ్చార్జి కాయితం మీద ఎల్‌ఎస్‌సీఎస్ అని ఉన్నది, అంటే పెద్దాపరేషనే. తారీకు, ఆడపిల్ల, 2.6 కిలోలు. కింద నాలుగు మందుల పేర్లు. ఎందుకు కోసిన్రో ఒక్క ముక్క లేదు. కారణం తెలిస్తే ఈసారి నార్మల్‌కు చూద్దామా వద్దా చెప్తనన్నది డాక్టరమ్మ. తెలవకుంటే మళ్ల కోతనేనట.

ముచ్చట మొత్తం చెప్తేనే మీకు అర్థమైతది. కొంచెం పొడుగైతది, ఏమనుకోకున్రి.

అది 2020. మా తల్లిగారిల్లు అచ్చంపేట. మొదటి కాన్పు తల్లిగారింట్లనే కావాలె కదా, ఉగాది ఎల్లినంక తోలుకపోతమని మా అమ్మ అన్నది. ఆ ఏడు ఉగాది మార్చి 25. సరిగ్గ ఆ నాడే దేశమంత లాక్‌డౌన్ మొదలైంది. మా ఊరికి అచ్చంపేట ముప్పై కిలోమీటర్లు ఉండదు, కని డిండి దాటితే నాగర్‌కర్నూల్ జిల్లా. రోడ్డు మీద పోలీసులు. ఊర్ల తొవ్వలకు ముండ్లకంపలు అడ్డమేసి, పక్కన ఇద్దరు ముగ్గురు పోరగాండ్లు కట్టెలు పట్టుకొని కూసున్నరు. బయిటోళ్లు రావొద్దని. నా కొరకు మా అమ్మ బయిటామె అయిపోయింది. పాల బండిల ఒక సంచి పంపింది. పాత నూలు చీరె చింపి మడతలు పెట్టిన గుడ్డలు, వాము, శొంఠి. ఆ గుడ్డల మా అమ్మ వాసన ఉండె. వాటిని పట్టుకొని ఏడ్చిన, నిజం చెప్తున్న.

నేను నెలనెల చూపించుకున్నది టౌన్ల ఒక ప్రైవేటు దవాఖానల. పేరెందుకు లే. ఏప్రిల్ మొదట్ల పోతే షట్టర్ దించి ఉన్నది. ఫోన్ చేస్తే "నొప్పులొస్తే సర్కారు దవాఖానకు పొండి" అని పెట్టేసిన్రు. అంటే ఎనిమిదో నెల తర్వాత నాకు బీపీ చూసినోళ్లు లేరు, స్కానింగ్ లేదు. మా ఆశక్క ఇంటింటికి జ్వరాల సర్వే తిరుగుతుండె. అయినా ఐరన్ గోళీలు తెచ్చి గోడ మీద పెట్టి, దూరం నిలబడి "తన్నుతున్నదా?" అని అడిగి పోయేది. అంగన్‌వాడి టీచరేమో రోజూ పెట్టే అన్నం బంజేసి బియ్యం, గుడ్లు, పాలు ఇంటికే ఇచ్చింది. ఆ ఇద్దరు లేకుంటె నన్ను అడిగినోళ్లే లేరు.

నేను ఇంట్ల ఊకెనే కూసోలే. మా మహిళా సంఘానికి మాస్కులు కుట్టే పని వచ్చింది. తొమ్మిది నెలల కడుపుతోని కాలి మిషన్ తొక్కిన. సాయంత్రానికి కాళ్లు ఎంత ఉబ్బేటియంటే నా చెప్పులు పట్టక మా ఆయన చెప్పులు తొడుక్కునేదాన్ని. అది బీపీ సూచన కావొచ్చని నాకు ఇప్పుడు తెలిసింది. అప్పుడు నవ్వుకున్నం.

ఏప్రిల్ 18 రాత్రి పదకొండు దాటినంక ఉమ్మనీరు పోయింది. 108కు ఫోన్ చేస్తే మొదలు అడిగింది నొప్పుల గురించి కాదు. దగ్గుందా, జ్వరముందా, ఇంటికి పట్నం నుంచి ఎవరన్న వచ్చిన్రా. బండి వచ్చింది. మొదటి దవాఖానల డాక్టర్ లేడని ముందుకు పంపిన్రు. రెండోది పెద్ద దవాఖాన. గేటు కాడనే మా ఆయనను, మా అత్తను ఆపిన్రు. నా ఫోన్ మా అత్త సంచిల ఉండిపోయింది. లోపల అందరికి మాస్కులు, టోపీలు, పైన ప్లాస్టిక్ కోట్లు. ఎవరు డాక్టరో, ఎవరు నర్సో, ఎవరు ఆయానో తెల్వలే. మాట్లాడితే గుడ్డల నుంచి మాట సగమే వినపడుతుండె. తెల్లారకముందే కోసిన్రు.

ఎందుకు అని ఇంట్ల అడిగితే మూడు జవాబులు. మా ఆయనను గేటు కాడికి పిలిచి సెల్‌ఫోన్ లైట్ల సంతకం పెట్టిచ్చుకున్నరు, ఆయన చదవలే, "బీపీ అన్నరు" అంటడు. మా అత్తకు వాచ్‌మన్ చెప్పిండట, పిల్ల ఉమ్మనీరు తాగిందని. నేను విన్నది "గుండె చప్పుడు తగ్గుతుంది, జల్ది" అని. మూడో రోజు కుట్లతోనే ఇంటికి పంపిన్రు. పడకలు ఖాళీ చేయాల్నని.

అడిగేది రెండే. ఐదేండ్ల కింది ఆ కారణం ఇప్పుడు ఎక్కడన్న దొరుకుతదా? లాక్‌డౌన్ల కోతయ్యి, తర్వాత నార్మల్ అయినోళ్లు ఎవరన్న ఉన్నరా?

లేబర్‌రూమ్ నర్సు:

చెల్లె, నేను మహబూబ్‌నగర్ వైపు ఒక సర్కారు దవాఖానలో స్టాఫ్‌నర్సును. అప్పుడు లేబర్‌రూమ్ డ్యూటీలోనే ఉన్న.

ముందు నీ పని చెప్త. డిశ్చార్జి కాయితం పైన ఐపీ నంబర్, అంటే దవాఖానలో చేర్చుకున్నప్పుడు ఇచ్చిన నంబర్ ఉంటది. అది, ఆధార్ జిరాక్సు పెట్టి దవాఖాన రికార్డు సెక్షన్‌లో అర్జీ ఇయ్యి. పేషెంటు అడిగితే 72 గంటల్లో కాపీ ఇవ్వాలని డాక్టర్ల నియమావళిలోనే ఉన్నది. అయితే అదే నియమావళి రికార్డును 3 ఏండ్లు దాస్తే చాలంటది. నీది ఐదేండ్లు దాటింది కాబట్టి కేస్‌షీట్ పోయి ఉండొచ్చు. పోయిందంటే తిరిగి రాకు. ఆపరేషన్ థియేటర్ రిజిస్టర్ చూపించమను. పొడుగు అట్ట పుస్తకం, దాన్ని అంత తొందరగా పారెయ్యరు. ఎవరికి, ఏ టైముకు, దేనికోసం కోసిన్రో అందులో గడి ఉంటది. తారీకు నీకు తెలుసు కాబట్టి పేజీ దొరకడం కష్టం కాదు. థియేటర్ ఇన్‌చార్జి సిస్టర్‌ను అడుగు, క్లర్కును కాదు.

కారణం ఎందుకంత ముఖ్యమంటే, కటి ఎముక ఇరుకని కోస్తే అది ఈసారి కూడా ఇరుకే. బిడ్డ గుండె తగ్గిందనో, లోపలే దొడ్డికి పోయిందనో కోస్తే అది ఆ కాన్పుతో పోయింది, ఈసారి మళ్ల రావాలని లేదు. బీపీ అయితే ఇప్పటి నుంచే చూసుకుంటూ పోవాలె. ఇంకోటి, పొట్ట మీద కుట్టు అడ్డంగా ఉంది కదా అని ధైర్యపడకు. పైన చర్మం మీది కుట్టు ఎట్లున్నా గర్భసంచి మీద ఎట్ల కోసిన్రన్నది వేరే. కాయితం మీద ఎల్‌ఎస్‌సీఎస్ అని రాసిన్రంటే కింది భాగంలో కోసినట్టు, అది నీకు మంచిదే.

ఐదేండ్ల ఎడం ఉంది, అదీ మంచిదే. కోత తర్వాత నార్మల్‌కు ప్రయత్నం చేసేవాళ్లలో నలుగురిలో ముగ్గురికి దాదాపు అయితది. పాత కుట్టు విడే ప్రమాదం సుమారు 200 మందిలో ఒకరికి. తక్కువే, కని ఆ ఒక్కరికి నిమిషాల్లో థియేటర్, రక్తం, మత్తు డాక్టర్ ఉండాలె. అందుకే ఊళ్లో చిన్న నర్సింగ్‌హోమ్‌లో దీనికి ఒప్పుకోకు.

ఇక నీ కాయితం ఎందుకట్ల ఉందంటవా. పీపీఈ కిట్టు లోపల చెమట కారి మోచేతుల దాకా వస్తది. కండ్లద్దాలు పొగ పట్టి కుట్టు కూడా సరిగ్గ కనపడదు. లోపలి పెన్ను బయటికి రావొద్దు, బయటి కేస్‌షీట్ లోపలికి పోవొద్దు. తలుపు ఇవతల ఒకామె కూర్చొని ఉంటే మేము లోపలి నుంచి అరిచి చెప్తుంటిమి, ఆమె వినపడ్డంత రాసుకునేది. అట్లాంటి డిశ్చార్జి కాయితాలు నేనూ రాసి పంపిన.

నిజమే చెప్తున్న, రూల్స్ కూడా ఒకటి పోయి ఒకటి వచ్చేవి. ఏప్రిల్ 20న ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) చెప్పింది, కట్టడి ప్రాంతాల్లో ఐదు రోజుల్లో కాన్పయ్యేటట్టున్న వాళ్లకు లక్షణాలు లేకున్నా టెస్టు చెయ్యాలని. చాలాచోట్ల రిపోర్టు వచ్చేదాకా ముట్టుకోవడానికి భయపడ్డరు. టెస్టు లేదని కాన్పు ఆపొద్దన్న మాట మే 18 నాటి రూల్‌లో వచ్చింది. మధ్యలో ఆ నాలుగు వారాలు ఎట్ల గడిచినయో మాకు తెలుసు.

లెక్కల మాస్టారు:

సోదరి బాధ అర్థమైంది కానీ ప్రతిదీ లాక్‌డౌన్ మీద నెట్టడం సరికాదు. మన రాష్ట్రంలో కోత కాన్పులు ముందు నుంచే ఎక్కువ. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడతలో తెలంగాణ లెక్క 60.7 శాతం. ఆ సర్వే మన దగ్గర జరిగింది 2019లో, అంటే కరోనాకు ముందే. లాక్‌డౌన్ లేకపోయినా ఆమెకు కోతే అయ్యేదేమో.

లేబర్‌రూమ్ నర్సు:

మాస్టారూ, మీ లెక్క తప్పు కాదు. కానీ ఆమె అడుగుతున్నది కోత ఎందుకు ఎక్కువని కాదు, తన కోత ఎందుకైందని. మామూలు రోజుల్లో అయితే తల్లో అత్తో పక్కన ఉంటది, పది సార్లు అడిగి ప్రాణం తీసైనా కారణం తెలుసుకుంటది. ఆ గేటు ఆపింది దాన్నే.

పాలమూరోడు:

నాది ప్రశ్నకు జవాబు కాదు, కని అక్క రాసింది సదివినంక రాయకుండ ఉండలేకపోతున్న. మాది నారాయణపేట దిక్కు. నేను, మా ఇంటామె పుణెల సెంట్రింగ్ పని. పని బందైంది, మేస్త్రి ఫోన్ ఎత్తలే, ఆమెకు ఎనిమిదో నెల. రైళ్లు లేవు. వలస కూలీలకని మొదటి రైలు మే 1న మన లింగంపల్లి నుంచే పోయింది కదా, అది జార్ఖండ్‌కు. మాకు అంత ఓపిక లేకుండె. ఉల్లిగడ్డ లారీల కొంత, నడుసుకుంట కొంత. ఆమె సంచుల మీద వొరిగి పండుకునేది. ఉల్లిగడ్డ వాసన ఇప్పటికి పడదు, కూరల కూడ ఏరి పక్కకు పెడ్తది.

ఊరికొస్తె చెయ్యి మీద ముద్రేసి పద్నాలుగు రోజులు బడిల ఉండమన్నరు. నల్లబల్ల కింద చాప. పదకొండో నాడు రాత్రి నొప్పులు. 108 వేరే కేసుకు పోయింది, రావాల్నంటె టైం పడ్తదన్నరు. ఇగ మా ఊరి మంత్రసాని, డెబ్బై ఏండ్ల ముసలామె, కాన్పులు చేసుడు బంజేసి శాన ఏండ్లాయె. "నాకేం కరోనా వస్తదిరా, వచ్చినా సచ్చే వయసే" అని లోపలికి వచ్చింది. ఆమె కాలు పెట్టినంక నాకు భయం పోయింది. కొడుకు. మంచిగనే ఉన్నడు. తెల్లారి ఏఎన్‌ఎం నర్సమ్మ వచ్చి బొడ్డు చూసి, సూది ఏసి, మమ్మల్ని తిట్టి పోయింది. పుట్టిన సర్టిఫికెట్‌కు "పుట్టిన స్థలం" కాడ ఏం రాయాల్నని పంచాయతీ కార్యదర్శి అడిగిండు. ప్రాథమిక పాఠశాల అని రాయమన్న. ఆయన నవ్విండు, కని రాసిండు.

డిండి టైలరమ్మ:

తమ్మీ, మీ కథ మా ఇంట్ల చదివి వినిపించిన. మా అత్త కండ్లు తుడుచుకొని "మనది నయమే" అన్నది. నర్సక్కా, నీకు దండం. సోమవారం పోతున్నం.

మాస్టారూ, లెక్కల మీద నాకు కోపం లేదు. కని ఆ 60ల నేనొకదాన్ని కావొచ్చు, మిగిలిన 40ల ఉండేదాన్నేమో కూడా కావొచ్చు. ఎనిమిదో నెల తర్వాత ఒక్కసారి బీపీ చూసి ఉంటే తెలిసేది.

గద్వాల ఆడబిడ్డ:

మీ అందరిది చదివినంక మా దిక్కు జరిగింది గుర్తొచ్చింది. 2020 ఏప్రిల్‌లో గద్వాల మొత్తం కట్టడిలో ఉండె. ఒక గర్భిణిని ఈ దవాఖాన నుంచి ఆ దవాఖానకు పంపంగ పంపంగ చివరికి తల్లీ దక్కలేదు, బిడ్డా దక్కలేదు. హైకోర్టు దాకా పోయింది. అప్పుడు నాకు ఐదో నెల. టీవీల ఆ వార్త వస్తుంటే మా నాయన లేచి బంద్ చేసిండు. ఇంట్ల ఎవ్వరం దాని గురించి మాట్లాడలే, కని ఆ రోజు నుంచి మా నాయన ఆటో ట్యాంకు ఎప్పుడూ నింపే పెట్టిండు. నాది ఆగస్టుల అయింది, నార్మల్.

మిర్యాలగూడ అమ్మ:

నాది రెండో వేవ్. 2021 మే 12 నుంచి మళ్లీ లాక్‌డౌన్ పెట్టారు గుర్తుందా, పొద్దున ఆరు నుంచి పది వరకే బయటికి. నాకు ఆ నెలలోనే కాన్పు, దానికి మూడు రోజుల ముందు పాజిటివ్. బాబు పుట్టగానే వేరే గదికి తీసుకుపోయారు. రెండు వారాలు డబ్బా పాలు. మాస్కు పెట్టుకుని, చేతులు కడుక్కుని తల్లి పాలు ఇవ్వొచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంతకు ముందు ఏడాదే చెప్పిందట. మా దవాఖానలో ఆ మాట ఎవరూ నాకు చెప్పలేదు. పాలు గడ్డకట్టి జ్వరం వస్తే అది కరోనా జ్వరమేనన్నారు. వీడియోకాల్‌లో బాబును చూస్తే పాలు కారేవి, ఆ జాకెట్లు ఇంకా దాచుకున్నాను, ఎందుకో. గర్భిణులకు టీకా వేయొచ్చని ప్రభుత్వం చెప్పింది జూలైలో. అప్పటికి నేను బాలింతను.

టైలరమ్మ గారూ, మీకు ఏ సంగతీ ఇక్కడే చెప్పండి, చూస్తుంటాం.

డిండి టైలరమ్మ (పది రోజుల తర్వాత):

పోయినం. రికార్డు సెక్షన్‌ల క్లర్కు కేస్‌షీట్లు ఆ ఏడాదివి తీసేసినమన్నడు. నర్సక్క చెప్పినట్టు థియేటర్ ఇన్‌చార్జి సిస్టర్ కాడికి పోయి, ఐపీ నంబర్ చూపించి, లాక్‌డౌన్‌ల నన్ను ఒక్కదాన్నే లోపలికి తీసుకపోయిన్రు, ఏమైందో మాకు తెల్వదు అని చెప్పిన. ఆమె ఇంకేం అడగలే. బీరువా పైనుంచి పుస్తకం దించి ఊదింది. దుమ్ము లేచి మా ఆయనకు తుమ్ములు. తుమ్మంగనే ఇద్దరు ముగ్గురు తిరిగి చూసిన్రు, ఇంక ఆ అలవాటు పోలే ఎవరికి.

ఏప్రిల్ 19 పేజీ. ఆ రాత్రి ఆ పేజీల ఏడుగురం. నా పేరుల ఒక అక్షరం తప్పు, ఊరి పేరు కరెక్టు. దేనికి కోసిన్రన్న గడిల నీలం పెన్నుతోని రాసి ఉన్నది: ఫీటల్ డిస్ట్రెస్, మెకోనియం. సిస్టర్ చదివి చెప్పింది, పిల్ల లోపలే దొడ్డికి పోయింది, గుండె తగ్గింది. అంటే నేను విన్నది నిజమే, వాచ్‌మన్ మా అత్తకు చెప్పింది కూడ దాదాపు నిజమే. మా ఆయన బీపీ ముచ్చట అందుల లేదు. ఆయన మాత్రం గేటు కాడ బీపీ అనే అన్నరని ఇప్పటికి ఒట్టేస్తున్నడు.

ఫోటో తియ్యొద్దన్నరు. సిస్టర్ తెల్లకాయితం మీద ఆ లైను రాసి, ముద్ర కొట్టించి ఇచ్చింది. డాక్టరమ్మకు చూపిస్తే రెండు సార్లు చదివి, నొప్పులు వాటంతటవి వస్తే చూద్దాం, నెల దగ్గర పడంగనే వచ్చి పెద్ద దవాఖానల చేరాలె, బీపీ మాత్రం వారం వారం చూపించాలె అన్నది. ఈసారి మిషన్ తొక్కొద్దన్నది. మోటార్ పెట్టించుకున్న అని చెప్పిన.

అమ్మ ఆదివారం అచ్చంపేట నుంచి వస్తున్నది. ఈసారి నేను పోవుడు లేదు, ఆమెనే వచ్చి ఉంటదట.

ఇంకోటి. ఆ లైన్ల టైము కూడ ఉన్నది, 4.10. మా అత్త ఆరు గంటలకు పుట్టిందని చెప్పి అయ్యగారితోని నక్షత్రం చూపించి పాప పేరు తీయించింది. ఐదేండ్లు ఆ పేరుతోనే పిలిచినం. ఆ కాయితం డాక్టరమ్మ ఫైల్ల పెట్టిన, ఇంట్ల ఇంక చూపియ్యలే.